కూతురి తరఫున అనుమతి

మెమో కాగితాన్ని శేషగిరి నాలుగోసారి చదివి, చొక్కా జేబులోంచి పెన్సిల్ తీశాడు.

తప్పు దొరికింది. రెండో పేరాలో తన ఉత్తరం తేదీ నవంబరు పద్నాలుగు అని వేశారు. తను ఇచ్చింది పన్నెండున. ముప్పై నాలుగేళ్ళుగా కేంద్ర ప్రభుత్వపు ఫైళ్ళలో ఇలాంటివి పట్టుకుని పట్టుకుని, ఆయన కళ్ళు వాటంతట అవే అక్కడికి వెళ్ళి ఆగుతాయి. ఇల్లు అంటుకుంటే వచ్చిన ఫైరింజన్ నంబరు ప్లేటు సరిగ్గా ఉందో లేదో చూసే రకం మనిషి.

"తేదీ తప్పు వేశారు. ఈ ఒక్క పాయింటు మీదే మెమో చెల్లదని రాయొచ్చు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

వంటింట్లో మాణిక్యాంబ పలకలేదు. నిన్న సాయంత్రం కూతురు ఆ కాగితం తెచ్చి బల్ల మీద పడేసినప్పటి నుంచీ ఆవిడ భర్తతో మాట్లాడటం మానేసింది. కంచంలో అన్నం పెడుతోంది, మంచినీళ్ళు పెడుతోంది. మాట మాత్రం పెట్టడం లేదు.

శరణ్య బ్యాగు భుజాన వేసుకుని గదిలోంచి వచ్చింది. రాత్రి ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బల్ల దగ్గర ఆగి, మెమో మీద గుండ్రంగా చుట్టిన పెన్సిల్ గీతను చూసింది.

"మా ఆఫీసు వాళ్ళ మెమో కరెక్ట్ చేస్తున్నారా?"

"కరెక్ట్ చేయడం కాదమ్మా. నీ సంజాయిషీకి ఒక ఆధారం..."

"రహనే దీజియే," అంది, ఇక వదిలేయమన్నట్టు. కోపం ఎక్కువైతే ఆ పిల్లకు తెలుగు రాదు.

సంజాయిషీకి గడువు ఆ సాయంత్రం ఆఫీసు మూసేలోగా. పరీక్ష ఎల్లుండి ఆదివారం. నిర్ణయం వెలువడే దాకా సదరు ఉద్యోగిని పరీక్షకు హాజరు కారాదని మెమో చివర్లో ఉంది. ఆ వాక్యంలో మాత్రం శేషగిరికి ఏ తప్పూ దొరకలేదు.

పోయినేడాది శరణ్య మొదటిసారి క్యాట్ ప్రవేశ పరీక్ష రాసినప్పుడు ఇంటిల్లిపాదీ ఊరంతా చాటుకున్నారు. దేశ రాజధానిలోని ఆర్.కె. పురంలో వాళ్ళ సెక్టారులో ఉన్న తెలుగు వాళ్ళ క్వార్టర్లన్నింటికీ తెలుసు, శేషగిరి గారి అమ్మాయి పెద్ద మేనేజ్‌మెంట్ కాలేజీకి వెళ్ళబోతోందని. తీరా చూస్తే తొంభై ఒకటి పాయింట్ మూడు పర్సెంటైల్ వచ్చింది. లెక్కల భాగంలో ఒకే లెక్క పట్టుకుని పావుగంట కూర్చుండిపోయింది. ఆమె కోరుకున్న కాలేజీ ఒక్కటీ పిలవలేదు. సంగతి తెలియని ఆంటీలు తొంభై ఒకటా, శభాష్ అన్నారు. తిట్టినా అంత బాధపడేది కాదేమో.

అందుకే ఈ ఏడాది మళ్ళీ రాస్తున్నట్టు గడప దాటి మాట పోకూడదని ముగ్గురూ అనుకున్నారు. ఆదివారాలు నమూనా పరీక్షలకు వెళ్తుంటే కంప్యూటర్ క్లాసని మాణిక్యాంబ చెప్పుకొచ్చింది. శుక్రవారం లలితా పారాయణానికి వచ్చే ఆడవాళ్ళ మధ్య కూర్చుని పది నెలలు నోరు కట్టుకోవడం ఆవిడకు చిన్న పని కాదు. కట్టుకుంది.

మాట తప్పింది శేషగిరి. తప్పడమంటే పార్కులో ఎవరి దగ్గరో నోరు జారడం కాదు. శుభ్రంగా టైపు చేసి, సంతకం పెట్టి, కూతురు పనిచేసే మంత్రిత్వ శాఖకు స్వయంగా తీసుకెళ్ళి, అందినట్టు డైరీ నంబరు వేయించుకుని మరీ వచ్చాడు. తన కుమార్తె ప్రొబేషన్‌లో ఉన్నదనీ, ఫలానా తేదీన ప్రవేశ పరీక్ష రాయబోతున్నదనీ, గత సంవత్సరం 91.3 మాత్రమే వచ్చినందువల్ల మళ్ళీ రాయవలసి వచ్చినదనీ, దయతో అనుమతి ఇప్పించవలసినదనీ అందులో ఉంది.

ఆయన ఉద్దేశంలో అదంతా పిల్ల మేలు కోసమే. ఎప్పుడో పాతికేళ్ళ కిందట తన పక్క బల్ల త్యాగరాజుకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. ఆఫీసుకు చెప్పకుండా పరీక్ష రాశాడని రిలీవ్ చేయలేదు. గడువు దాటిపోయి, ఆ ఉద్యోగం పోయి, ఆ మనిషి అదే బల్ల దగ్గర అదే కుర్చీలో రిటైరయ్యాడు. శరణ్యకు అలా కాకూడదనుకున్నాడు. రేపు సీటు వచ్చాక అడ్డం పడతారేమోనని, ఈరోజే అడ్డం వేయించాడు.

"నిన్న మెమో ఇచ్చేటప్పుడు మా సెక్షన్‌లో ఏమన్నారో తెలుసా?" శరణ్య గొంతు పెంచలేదు. "నైంటీవన్ తో అచ్ఛా హై మేడమ్, ఫిర్ క్యోఁ, బాగానే వచ్చిందిగా మళ్ళీ ఎందుకు అన్నారు. ఆ ఫైలు నలుగురి చేతుల్లోంచి వచ్చింది. నా మార్కులు నలుగురూ చదివారు."

"కారణం చూపించని అర్జీ నిలవదమ్మా. మళ్ళీ ఎందుకు రాస్తున్నావని వాళ్ళు అడుగుతారు."

"అసలు అర్జీ ఎవరు పెట్టమన్నారు?"

శేషగిరి పెన్సిల్‌ను బల్ల అంచుకు సమంగా సర్దాడు.

"ఆదివారం పరీక్ష నాన్నా. సెలవు కూడా అక్కర్లేదు. మీరు ఊరుకుంటే ఎవరికీ తెలిసేదే కాదు."

"తెలియకుండా చేయాల్సినవి తప్పుడు పనులు. పరీక్ష రాయడం తప్పు కాదుగా."

ఈ మాట ఆయన నిజంగానే నమ్ముతాడు. శరణ్య భుజాన బ్యాగు సర్దుకుంది. తర్వాతి మాటను ఎప్పుడు తయారు చేసుకుందో గానీ, చాలా నెమ్మదిగా అంది.

"జూలైలో మీ రిటైర్మెంటు. నేను ఉద్యోగంలోనే ఉంటే ఈ క్వార్టర్ నా పేరు మీదికి మారుతుందేమోనని కాలనీలో అందరూ అడుగుతున్నారు. నేను చదువుకోవడానికి వెళ్ళిపోతే మారదు. అందుకేనా రాశారు?"

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. మాణిక్యాంబ గుమ్మంలోకి వచ్చింది.

"శరణ్యా, ఆ మాట వెనక్కి తీసుకో."

"తీసుకుంటానమ్మా. నా మాటైతే తీసుకోవచ్చు. దాని మీద డైరీ నంబరు పడలేదు."

తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది. మెట్ల మీద అడుగుల చప్పుడు రెండో అంతస్తు నుంచి కింది దాకా వినపడింది. శేషగిరి కదల్లేదు. ముప్పై నాలుగేళ్ళలో పై అధికారులు ఎంతోమంది ఎన్నో అన్నారు. దురాశాపరుడని మాత్రం ఎవరూ అనలేదు. కన్నకూతురు అంది.

మాణిక్యాంబ వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"మీ చేత్తో ఇచ్చిన కాగితం మీ చేత్తోనే వెనక్కి తెచ్చుకోండి."

ఒకసారి తీసుకున్న కాగితాన్ని తిరిగి ఇవ్వడం ఏ ఆఫీసులోనూ ఉండదని ఆయన వివరించబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు కాగితాల సంగతి తెలియదు. ఆ పర్సెంటైల్ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు. ఒక్కో భాగానికి నలభై నిమిషాలని తెలుసు. పొద్దున్నే నాలుగింటికి దాన్ని లేపి, ఫోన్లో టైము పెట్టి, నలభై కాగానే ఇక ఆపు అని చెప్పింది నేను. మొదట్లో ఆపేది కాదు, ఇంకొక్క నిమిషమమ్మా అని ఏడ్చేది. ఇప్పుడు నేను చెప్పకముందే ఆపుతోంది. పది నెలలు పట్టింది దానికి, ఆపడం నేర్చుకోవడానికి." ఆవిడ లేచింది. "వెళ్ళి రండి. అడగండి. బతిమాలండి. మీకు రాదని తెలుసు. అయినా వెళ్ళండి."

శేషగిరి సగం రోజు సెలవు పెట్టాడు. మధ్యాహ్నం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. క్వార్టర్ ఆలోచన తనకు లేనే లేదని గట్టిగా అనుకున్నాడు. పదిహేడేళ్ళు ఉన్న ఇల్లు. బాల్కనీలో మాణిక్యాంబ పెంచిన కరివేపాకు చెట్టు ఇప్పుడు పై ఇంటి వాళ్ళకు కూడా అందుతోంది. జూలై తర్వాత ద్వారకాలోనో జనక్‌పురిలోనో అద్దె ఇల్లు వెతుక్కోవాలి. ఆ ఉత్తరం టైపు చేస్తున్నప్పుడు ఇవేవీ మనసులో లేవు. ఉన్నాయా? బస్సు మోతీబాగ్ దాటేసరికి ఆయన అంత గట్టిగా అనుకోలేకపోయాడు. ఏ మూలో ఉండే ఉంటాయి. ఆ సంగతి ఒప్పుకోవడం ఆయనకు కష్టంగా ఉంది, కానీ ఒప్పుకున్నాడు.

శరణ్య కూర్చునే అంతస్తు వైపు వెళ్ళకుండా వెనక మెట్ల మీదుగా పైకి ఎక్కాడు. ఆమెకు మెమో ఇచ్చిన అండర్ సెక్రటరీ పేరు సాయిప్రకాష్. అనంతపురం వైపు మనిషి, నలభై దాటలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏడాది పాటు శేషగిరి దగ్గరే ఫైళ్ళ మీద నోటు రాయడం నేర్చుకున్నాడు. లేచి నిలబడి, తన కుర్చీ పక్కకు లాగి, టీ తెప్పించాడు. ఆ మర్యాద చూస్తుంటే శేషగిరికి అడగడం మరింత కష్టమైంది.

చివరికి అడిగాడు. అనుమతి ఈరోజు ఇవ్వడం కుదరదా అని. అనుమతి జాయింట్ సెక్రటరీ గారు ఇవ్వాలట. ఆయన వచ్చే బుధవారం దాకా టూర్‌లో ఉన్నారట. మెమోను కాస్త వెనక్కి పెట్టలేరా అని అడిగాడు. సంజాయిషీ లేకుండా ఎవరు వెనక్కి పెడతారని సాయిప్రకాష్ అడిగాడు. అడిగినవాడూ చెప్పినవాడూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు కాబట్టి ఇద్దరికీ జవాబులు ముందే తెలుసు.

టీ చల్లారింది. సాయిప్రకాష్ లేచి తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

"సార్, మీ పాప పరీక్ష రాస్తోందని నాకు ఎండాకాలం నుంచే తెలుసు. సొరుగులో లెక్కల పుస్తకం పెట్టుకోని, లంచ్ టైములో చేసుకుంటా ఉంటుంది. నేను చూడనట్టే ఉన్నా. మీ ఉత్తరం వచ్చినాక చూడనట్టు ఉండేదానికి లేకపాయె సార్."

శేషగిరి తల వంచుకున్నాడు. అన్ని నెలలూ తనకు తెలియకుండానే ఇతను తన కూతుర్ని కాపాడుతూ వచ్చాడు. కాపాడాలని వెళ్ళి తను పట్టించాడు.

"ఆ ఉత్తరం తీసేసే దారి లేదా?"

"స్కాన్ అయిపోయింది సార్. కంప్యూటర్లో ఎక్కినాక దేవుడొచ్చినా తీయలేడు. దాని మీద ఇంకో కాగితం పెట్టొచ్చు, అంతే." ఆగాడు. ఆ తర్వాతిది చెప్పడం అతనికీ ఇష్టం లేనట్టుంది. "మీరు పొరబడినారని. మీ పాప ఈ ఏడు ఏ పరీక్షా రాయడం లేదని. సరిగ్గా కనుక్కోకుండా రాసినారని. మెమోకి ఆధారం మీ ఉత్తరం ఒక్కటే సార్. ఆధారమే పోతే నేను సోమవారం పొద్దున్నే ఫైలు మూసేస్తా."

"రాయడం లేదని రాయాలా?"

"ఆదివారం పరీక్ష దగ్గర మేమేం కాపలా ఉండం సార్."

కిటికీ బయట పొగమంచు కమ్మిన ఎండ పలచగా ఉంది. ఇలాంటి కాగితం ఎవరైనా తన దగ్గరికి తెస్తే ఏం రాసేవాడో శేషగిరికి తెలుసు. సంబంధిత ఉద్యోగిపై చర్య తీసుకోవచ్చును అని రాసేవాడు. రాశాడు కూడా, రెండు మూడుసార్లు. వాళ్ళూ ఎవరి కోసమో రాసి ఉంటారని అప్పుడు తోచలేదు.

"ఒక తెల్ల కాగితం ఇస్తావా సాయీ," అన్నాడు.

చేత్తోనే రాశాడు. నా కుమార్తె ఈ సంవత్సరం ఎటువంటి ప్రవేశ పరీక్షకు హాజరు కావడం లేదు. ఇంగ్లీషులో ఆ వాక్యం చక్కగా కుదిరింది. ఇంత తేలికా అని ఆయనకు భయం వేసింది. సంతకం పెట్టి, అలవాటు కొద్దీ కింద తన పేరు, సెక్షన్ ఆఫీసర్ అని హోదా, తన మంత్రిత్వ శాఖ పేరు రాసేశాడు.

సాయిప్రకాష్ కంగారు పడ్డాడు. "హోదా వద్దు సార్. తండ్రిగా రాస్తే చాలు. రేపు ఏదన్నా తేడా వస్తే మీ సర్వీసు మీదికొస్తుంది. ఎనిమిది నెలలు ఉండాది మీకు. వేరే కాగితం ఇస్తా."

"వద్దు. ఇదే ఉంచు," అన్నాడు శేషగిరి. రెండోసారి రాయమంటే రాయలేనని ఆయనకు తెలుసు.

మూడూ నలభైకి కాగితం లోపలికి తీసుకున్నారు. బయటికి వచ్చాక ఆయనకు విచిత్రంగా ఒళ్ళు తేలికైంది. తప్పు చేసినవాళ్ళు కుంగిపోతారని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆకలేసింది. సెక్టారు మార్కెట్లో దిగి శరణ్యకు ఇష్టమని అరకిలో నువ్వుల గజక్ మిఠాయి కట్టించాడు. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ నడిచాడు. పోనీలేమ్మా, చూసుకున్నాను, నువ్వు నిశ్చింతగా వెళ్ళి రాసి రా. అంతే చెప్పాలి. ఎలా చూసుకున్నాడో ఆదివారం దాటాక చెప్పొచ్చు.

ఇంటికి చేరేసరికి ఆరు కావస్తోంది. తల్లీ కూతుళ్ళు సోఫాలో పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. శరణ్య అప్పటికే బట్టలు మార్చుకుంది. మొహం కడుక్కున్నట్టు తేటగా ఉంది. తండ్రిని చూడగానే లేచి వచ్చి ఆయన చేతిలో సంచీ అందుకుంది.

"పొద్దున అన్నదానికి సారీ నాన్నా. క్వార్టర్ మాట. అలా అనకుండా ఉండాల్సింది."

"దానిదేముందమ్మా." తయారు చేసుకున్న మాట నోటి దాకా వచ్చింది. "నేను..."

"ముందు నన్ను చెప్పనివ్వండి. మళ్ళీ ధైర్యం పోతుంది."

ఆమె చెప్పింది. పొద్దున్నుంచీ సంజాయిషీ ముందు పెట్టుకుని కూర్చుందట. పక్క సీటు వైశాలి, మీ నాన్నకు పొరపాటుగా తెలిసిందని, నువ్వు పరీక్షే రాయడం లేదని రాసెయ్, బస్, అయిపోతుంది అని సలహా ఇచ్చిందట. బాగానే తోచిందట. డ్రాఫ్ట్ కూడా రాసిందట.

"సంతకం పెట్టబోతుంటే మీరు గుర్తొచ్చారు. మీ మీద ఎంత కోపం ఉన్నా ఒకటి తెలుసు నాన్నా. మా నాన్న కాగితం మీద అబద్ధం పెట్టడు. ఆ ఆఫీసులో సాయిప్రకాష్ సార్‌తో సహా మిమ్మల్ని ఎరిగిన వాళ్ళందరికీ తెలుసు. నేను వెళ్ళి మా నాన్న రాసింది అబద్ధం అని ఎలా రాయను? అలా రాసి, ఆదివారం వెళ్ళి కూర్చుంటే నాకు ఒక్క లెక్క వస్తుందా?"

శేషగిరి నిలబడే ఉన్నాడు. మాణిక్యాంబ కళ్ళు తుడుచుకుంటోంది. నిన్నటి తర్వాత మొదటిసారి ఆయన వైపు మెత్తగా చూసింది.

"ఆ డ్రాఫ్ట్ చింపేశాను. నిజమే రాశాను. మా నాన్నగారి ఉత్తరంలో ప్రతి మాటా నిజం, నేను ఆదివారం పరీక్ష రాస్తున్నాను, ప్రొబేషన్ పొడిగించినా, ఉద్యోగం తీసేసినా మీ ఇష్టం అని." కొంచెం నవ్వింది. చేతులు మాత్రం సంచీని నలుపుతున్నాయి. "పోతే పోయింది. ఏమంటారు? మీరు బాగుందంటే చాలు నాకు."

"ఎన్నింటికిచ్చావు?"

"నాలుగున్నరకి. ఎందుకు?"

ఆయన గోడ పట్టుకుని సోఫా చివర కూర్చున్నాడు. ఒకే ఫైలులో ఒకదాని మీద ఒకటి రెండు కాగితాలు. సోమవారం పొద్దున సాయిప్రకాష్ తెరుస్తాడు. ఒకదాంట్లో తండ్రి హోదాతో సహా సంతకం పెట్టాడు. రెండోదాంట్లో కూతురు. రెండూ నిజం కావడానికి వీల్లేదు. ఆదివారం పరీక్ష హాల్లోకి ఆమె అడుగు పెట్టిన క్షణం ఎవరిది అబద్ధమో తేలిపోతుంది. పెట్టకపోతే పది నెలల పాటు నాలుగింటికి లేచి చదివిందంతా పోతుంది.

శరణ్య ఆయన ముందు కింద కూర్చుని మోకాలి మీద చెయ్యి వేసింది. ఒంట్లో బాగాలేదా అని అడిగింది. మంచినీళ్ళు తెమ్మని తల్లికి చెప్పింది. చెప్పకుండా ఊరుకుంటే ఈ రెండు రోజులూ ఈ పిల్ల ఇలాగే చూస్తుంది తనని. ఆ చూపు ఆయనకు ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ దొరకలేదు.

"అమ్మా," అన్నాడు. "నేనూ ఇవాళ ఒక కాగితం ఇచ్చి వచ్చాను."

"ఎక్కడ?"

"మీ ఆఫీసులోనే. నువ్వు పరీక్ష రాయడం లేదని."